నాకు లేని ల్యాబును మెచ్చుకున్న పిల్లలు

ఆ కబురు మొదట నా దగ్గరికి తెచ్చింది మా కాలేజీ అటెండరు కాంతమ్మ. స్టాఫ్ రూములో టీ గ్లాసు నా ముందు పెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "మేడం గారూ, మీ ఫారాల్లో ఒకటి తేడాగా ఉందండి" అంది.

"తేడా అంటే?"

"మిగతావన్నీ ఒకేలా ఉన్నాయండి. అదొక్కటే చదవాలనిపించిందండి."

యానాంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకు పైగా కాలిక్యులస్ చెప్పాను. పదవీ విరమణ చేసి రెండేళ్ళయింది. ఇప్పుడు కొత్తగా లెక్కల లెక్చరర్లుగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు అగ్రహారంలోని మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం చెప్పండి మేడం" అంటారు. నా అనుభవంలో చాలా భాగం ఎవరికీ పనికిరానిది. ఏ ఏడు ఏ సెక్షనుకు చెప్పానో, ఎవరు నాకంటే ముందు హెడ్డు అయ్యారో తెలుసుకుని వాళ్ళేం చేసుకుంటారు? పనికొచ్చేది ఒక్కటుంది. అది నా తప్పు గురించి. మర్యాద కోసం ఇన్నాళ్ళూ దాన్ని చివరికి నెట్టేశాను. ఈసారి దానితోనే మొదలుపెడుతున్నాను.

కాంతమ్మకు నా కృతజ్ఞతలు. ఆమె చెప్పకపోతే నేను హాయిగా, మూర్ఖంగా రిటైరయ్యేదాన్ని.

ఫారాల కట్ట

మా కాలేజీలో చివరి ఏడాది పిల్లలు వెళ్ళిపోయే ముందు తమకు పాఠం చెప్పిన ప్రతి లెక్చరరు గురించీ ఒక ఫారం నింపాలి. పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు అయిదు గడులు, అడుగున నాలుగు ఖాళీ గీతలు. పేరు రాయక్కర్లేదు, రోల్ నంబరు అక్కర్లేదు. ఆఫీసువాళ్ళు గడుల్లో టిక్కులు లెక్కబెట్టి, ఒక చీటీ మీద ఫలితం రాసి మా చేతికిస్తారు. నా చీటీ మీద ప్రతి ఏడూ ఒకటే మాట: "చాలా బాగుంది."

ఆ చీటీలను నేను బైబిల్లో కీర్తనల గ్రంథం దగ్గర పెట్టుకునేదాన్ని. పొద్దున్నే ప్రార్థనలో, "ప్రభువా, నా నోట నీవు పెట్టిన మాట పిల్లలకు చేరుతోంది, స్తోత్రం" అనుకునేదాన్ని. అసలు ఫారాలు ఏనాడూ చూడలేదు. చూడాలని తోచలేదు. పొగడ్త అందాక కాగితాలెందుకు?

ఆ ఏడు కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని, ఫారాలన్నిటికీ చిల్లులు పొడిచి, దారం కట్టి, కట్టలుగా పెట్టమన్నారు. ఆ పని కాంతమ్మది. అలా ఆమె కంట్లో పడ్డాయి. నా కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

మొదటి ఫారం అడుగున ఇలా ఉంది: "చాలా బాగా బోధిస్తారు. ల్యాబులో పరికరాలు ఓపికగా చూపిస్తారు."

రెండోది: "చాలా బాగా బోధిస్తారు. ల్యాబులో పరికరాలు ఓపికగా చూపిస్తారు."

మూడు, నాలుగు, పది, ఇరవై. అదే మాట. కొన్నిటిలో "సార్ చాలా బాగా బోధిస్తారు" అని. ఒకడు కాస్త చొరవ చేసి "కాలిక్యులస్ ల్యాబులో ఫ్యాను బాగుచేయించాలి" అని కూడా కలిపాడు.

కాలిక్యులస్‌కు ల్యాబు ఉండదు. ఇన్నేళ్ళలో నా చేతిలో ఉన్న పరికరమల్లా సుద్దముక్క. జరిగిందేమిటంటే, ముందు ఫిజిక్స్ మాస్టారి ఫారాలు పంచారు. మొదటి బెంచీలో ఒకమ్మాయి బుద్ధిగా రెండు వాక్యాలు రాసింది. వెనకవాళ్ళు అది చూసి రాశారు. తర్వాత నా ఫారాలు ఇస్తే, మళ్ళీ ఆలోచించడం దేనికని అవే రెండు వాక్యాలు దించేశారు.

నేను ఆ కాగితాల వైపు చూస్తూ కూర్చుంటే కాంతమ్మకు జాలేసినట్టుంది.

"రికార్డులు రాసే చేతులు కదండీ మేడం, చూసి రాయడం అలవాటైపోయింది. వాళ్ళ పేరొక్కటే సొంతంగా రాస్తారండి. ఇందులో అదీ అడగలేదు కదా మరి."

ఇన్నేళ్ళు నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నది ఎవరిదో ల్యాబు గురించి. ఆ దేవుని ఓపికకు మాత్రం నిజంగా స్తోత్రం.

తేడాగా ఉన్న ఆ ఒక్క ఫారం కట్ట మధ్యలో ఉంది. నాలుగు గీతలు చాలక పక్క అంచుల్లోకి కూడా రాసింది.

"మొదటి సంవత్సరంలో మేడంని ఒక ప్రశ్న అడిగాను. లిమిట్ చెప్పేటప్పుడు x అనేది a కి దగ్గరవుతుంది కానీ ఎప్పుడూ a కాదు అన్నారు. మరి లెక్క చివర్లో x ఉన్నచోట a ఎందుకు పెట్టేస్తాం? మేడం అది రూలు, రాసుకో అన్నారు. ఇప్పుడు మూడో సంవత్సరం కూడా అయిపోతోంది. మేడం మంచివారు, కోప్పడరు. కానీ ఆవిడకి కూడా జవాబు తెలియదేమో అని నా అనుమానం."

పేరు లేదు. నాకు అక్కర్లేదు కూడా. మూడేళ్ళు పేపర్లు దిద్దినదాన్ని. x అక్షరాన్ని రెండు నెలవంకలు వీపు వీపు ఆనించుకున్నట్టు రాసేది మా క్లాసులో ఒక్కతే. భవాని. కనకాలపేట అమ్మాయి. వాళ్ళమ్మ సత్తెమ్మ చేపల మార్కెట్టులో కూర్చుంటుంది.

నేను ఎక్కడ చదువుకున్నాను

ఇది చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

చిన్నప్పుడు నాకు కీళ్ళజ్వరం వచ్చి గుండె మీద దెబ్బ కొట్టింది. బడికి పంపవద్దన్నారు డాక్టరు గారు. మా నాన్న ప్రైమరీ స్కూలు టీచరు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా మంచం పక్కన కూర్చుని చదువు చెప్పేవారు. పగలు అమ్మ బియ్యం ఏరుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. పదో తరగతి, ఇంటరు ప్రైవేటుగా కట్టాను. డిగ్రీకి కాకినాడ వెళ్ళేదాకా నేను తరగతి గది చూడలేదు.

ఆ చదువు దొరికినందుకు నా అంత అదృష్టవంతురాలు లేదు. ఈనాటికీ నాన్న పేరు తలచుకోకుండా నా ప్రార్థన ముగియదు. కానీ ఆ చదువు నాకొక అబద్ధం నేర్పింది. అర్థం కాకపోతే మంచం మీంచి లేచి, "ఆగండి నాన్నా, నాకు తెలీలేదు" అని గోల చేసేదాన్ని. ఆయన ఆగేవారు. నేను మాట్లాడకుండా ఉన్నానంటే అర్థమైందని గుర్తు. మా ఇంట్లో మౌనానికి అదే అర్థం.

లెక్చరరుగా చేరాక అరవై మంది పిల్లలు నా ముందు మౌనంగా కూర్చున్నారు. అందరికీ అర్థమైపోయిందనుకున్నాను! ఎంత తెలివైన పిల్లలో అనుకున్నాను! తెలియకపోతే అడుగుతారు కదా అన్నది నా లెక్క. అరవై మంది మధ్య లేచి నిలబడి నాకు తెలియలేదని చెప్పడానికి ఎంత గుండె కావాలో, బడి బెంచీ మీద ఎన్నడూ కూర్చోని నాకేం తెలుసు? ఒకే ఒక్క పిల్ల ఆ గుండె తెచ్చుకుని అడిగితే, "రాసుకో" అన్నాను.

ఎందుకన్నాను? కొత్తగా చేరేవాళ్ళకు ఇది దాచకూడదు. ఆ పిల్ల అనుమానం నిజం. నాకు జవాబు తెలియదు. నిర్వచనం కామాతో సహా వచ్చు. అందులోని ఎప్సిలాన్, డెల్టా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చివర్లో a పెట్టి జవాబు తేవడం కూడా వచ్చు. ఆ రెంటికీ మధ్య సంబంధం ఏమిటని నేను ఎవర్నీ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

పిల్లల అభిప్రాయం ఎలా తయారవుతుంది

ఫిజిక్స్ మాస్టారు నాకంటే పదేళ్ళు చిన్న. పిల్లల్లో ఆయనకున్న పేరు ఎవరికీ లేదు. క్లాసు పది నిమిషాలు ముందే వదిలేసేవారు. పరీక్షకు ముందు వచ్చే ప్రశ్నలేవో టిక్కులు పెట్టించేవారు. ఒకసారి ఆయన్ని అడిగాను, పిల్లల అభిప్రాయాల మీద మీకు నమ్మకం ఉందా అని.

"మేడం గారూ, వాళ్ళ అభిప్రాయం అంటే ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వేళకి వెళ్ళారా లేదా అన్నదేనండి. అంతకు మించి అందులో ఫిజిక్సూ లేదు, లెక్కలూ లేవు."

అప్పట్లో ఆయన్ని చులకనగా చూశాను. కనీసం ఆయన తన చీటీలను బైబిల్లో పెట్టుకోలేదు.

ఇప్పుడు కాగితాలు పోయాయి, ఫోన్లో నింపుతున్నారు. మెరుగైందనుకోకండి. మా పక్కింటి అమ్మాయి అదే కాలేజీలో చదువుతోంది. క్లాసు లీడరు గ్రూపులో పెట్టిన మెసేజీ నాకు చూపించింది: "అందరూ మొదటిదే నొక్కండి. కింద ఏమీ రాయొద్దు, రాస్తే సబ్మిట్ అవ్వడానికి లేటవుతుంది." ఈ ఊళ్ళో మరో చిక్కుంది. ఊరు చిన్నది. లెక్చరరును ఎక్కించుకునే ఆటో నడిపేది ఒక పిల్ల తండ్రి. లెక్చరరు చెల్లెలు పనిచేసే ఆఫీసులోనే మరో పిల్లవాడి బాబాయి. ఎవరి మీద ఎవరు ఏం రాస్తారు? అందరూ మొదటి గడి నింపి నమస్కారం పెట్టి వెళ్ళిపోతారు. అది అభిప్రాయం కాదు, మర్యాద. దాన్ని సరాసరి తీసి, దశాంశ స్థానాలతో సహా చీటీ మీద రాసి, దాన్ని చూసుకుని మురిసిపోయే మనలాంటి చదువుకున్నవాళ్ళను ఏమనాలి?

రెండు మాటలు

ఆ ఫారం చదివాక నేను చేయాల్సింది ఒక్కటే. భవానిని పిలిచి, "అమ్మా, నిజమే, నాకు తెలియదు. ఇద్దరం కూర్చుని చూద్దాం" అనాలి. నేను లేచి ప్రిన్సిపాలు గదికి వెళ్ళాను.

నవ్వుతూనే వెళ్ళాను. "చూడండి సార్, పిల్లలు ఎలా రాస్తున్నారో" అన్నాను, పెద్ద మనసున్నదానిలా.

ప్రిన్సిపాలు గారు కాలేజీని నడిపింది చదువు కోసం కాదు, తనిఖీ కోసం. ఆయన కుర్చీ మీద పరిచిన తెల్ల తువ్వాలు మాత్రం ఎప్పుడూ మాసేది కాదు. కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"ఎవరిది?"

తెలియదని అనొచ్చు. ఫారం మీద పేరు లేనిది అందుకే. "భవాని రాత" అన్నాను. అవే ఆ రెండు మాటలు. ముప్ఫై ఏళ్ళ నా ఉద్యోగంలో అంతకంటే నీచమైన మాటలు నేను అనలేదు.

ఆయన ఆ ఫారాన్ని కట్టలోంచి లాగి సొరుగులో పడేశారు. "ఇది టీము కంట పడకూడదు మేడం. ఆ పిల్లకి హాజరు తక్కువ కదూ?"

హాజరు తక్కువే. పడవలు వచ్చే రోజుల్లో భవాని తల్లితో పాటు తట్టలు మోసి మార్కెట్టులో దించి, తలస్నానం చేసి, తడి జడతో కాలేజీకి వచ్చేది. మొదటి పీరియడ్ పోయేది. అది నాదే. ఇలాంటి పిల్లలకు ప్రతి ఏడూ మినహాయింపు అర్జీ పెట్టిస్తాం. అన్ని సబ్జెక్టుల లెక్చరర్లూ సంతకాలు చేస్తే, యూనివర్సిటీకి పంపితే, హాల్ టికెట్టు వస్తుంది. ఎవరూ ఎవరికీ కాదనరు.

"మీరు సంతకం పెట్టేముందు ఆ పిల్ల చేత క్షమాపణ రాయించండి. మీ గౌరవం కోసమే చెబుతున్నాను" అన్నారు ప్రిన్సిపాలు గారు.

నా గౌరవం మీద ఆయనకు అంత శ్రద్ధ ఉందని అంతకు ముందు నాకు తెలియదు. తెలిశాక సంతోషించాను కూడా.

భవానికి ఆ హాల్ టికెట్టు అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఎమ్మెస్సీ ఎంట్రన్సులో ఆ అమ్మాయికి లెక్కల్లో సీటు వచ్చింది. నేనే క్లాసులో చెప్పి చప్పట్లు కొట్టించాను. చివరి పరీక్ష రాయకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే సీటు లేదు. అర్జీలు శుక్రవారం నాలుగింటిలోపు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి.

బుధవారం భవాని అర్జీ తెచ్చింది. అందరి సంతకాలూ ఉన్నాయి. నా చోటు ఖాళీ.

"మేడం, సంతకం అండి."

"ఫారంలో ఏం రాశావు?"

"పేరు అక్కర్లేదన్నారు కదండి."

"మనుషులకి తెలియకపోయినా దేవుడికి తెలుస్తుంది."

నాకు తెలిసినదాన్ని తెచ్చి ఆయన మీద పెట్టాను.

"నేను రాసింది తప్పాండి?"

"తప్పని కాదమ్మా. పద్ధతి ఉంటుంది. ప్రిన్సిపాలు గారు క్షమాపణ రాయమంటున్నారు."

"మీరు ఆ జవాబు చెప్పండి మేడం. జవాబు మీకు తెలుసంటే నేను అన్నది తప్పేనండి. ఇప్పుడే కూర్చుని క్షమాపణ రాసేస్తాను."

పొగరుగా అనలేదు. లెక్కల పిల్ల కదా, షరతు పెట్టింది. ఆ షరతులో ఎక్కడా లోపం లేదు.

"ప్రార్థన చేసుకుని చెబుతాను" అన్నాను.

భక్తి ఉన్న ఆడవాళ్ళం మేము చాలామందిమి ఆ మాట అంటాం. నిజంగా ప్రార్థించడానికి కొందరు అంటారు. నేను ఆ రోజు దాక్కోవడానికి అన్నాను. అంత మెత్తటి చాటు ఇంకెక్కడా దొరకదు.

సత్తెమ్మ వచ్చింది

గురువారం సత్తెమ్మ వచ్చింది. చేపల తట్ట గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పజెప్పి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"వద్దండీ, నీచు వాసన. ఇక్కడే బాగుందండి. మేడం గారూ, నాకు సదువు రాదండి. మా పిల్ల ఏదో రాసిందంట. బూతులేమన్నా రాసిందాండి?"

"లేదమ్మా."

"మిమ్మల్ని చెడ్డోరందాండి?"

"లేదు. మంచివారనే రాసింది."

"మరి దేనికండీ ఈ గొడవ?"

ఫిజిక్స్ మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఏదో గొణిగాను, చదువు చెప్పే విషయంలో ఒక మాట రాసిందని.

"నా బేరం మీద జనం రోజూ ఎన్నంటారో తెలుసాండి? చేప మెత్తబడిందంటారు. మొప్పలు ఎత్తి చూసి మూతి ముడుస్తారు. నిన్నటిదంటారు. మొహం మీదే అంటారండి, కాయితం మీద కాదు. అన్నోళ్ళకి మర్నాడు చేప ఇవ్వనన్నానా? అన్నారు కాబట్టే కదండీ మర్నాడు మంచిది తెచ్చేది!"

"అది వేరు సత్తెమ్మా. ఇది చదువు."

"ఆయ్, వేరేనండి. నాది పాడైతే వాసనొస్తాదండి. ఊరంతటికీ తెలిసిపోద్ది."

ఆమె గేటు దగ్గర తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాట నాకు వాతలా తగిలింది. తగిలినందుకైనా ఆ సాయంత్రమే సంతకం పెట్టాలి కదా? పెట్టలేదు. తల్లిని పంపించి ఒత్తిడి చేస్తోందని మనసులో మరో ముడి వేసుకున్నాను.

శుక్రవారం పొద్దున్న నిజంగానే ప్రార్థించాను. లేచేసరికి మనసు తేలికపడింది, సంతకం పెట్టాలని నిశ్చయించుకున్నాను. కానీ ఆ పిల్ల నా దగ్గరికి రావాలి. వస్తే పెద్దరికంగా నాలుగు మాటలు చెప్పి, క్షమించేసి, పెడదామని పెన్ను తీసి బల్ల మీద ఉంచి కూర్చున్నాను. పన్నెండయింది. రెండయింది. రాలేదు. ఎందుకు వస్తుంది? ప్రిన్సిపాలు గారు తన గది బయట కూర్చోమన్నారట, పిలుస్తానని. మధ్యాహ్నమంతా ఆ బెంచీ మీదే కూర్చుంది, అర్జీ ఒళ్ళో పెట్టుకుని. మా ఇద్దరి మధ్యా ఒక వరండా.

కాంతమ్మే వచ్చి చెప్పింది. "మేడం, ఆ పిల్ల అక్కడే కూర్చుందండి. నాలుగున్నర అయ్యిందండి."

పరుగెత్తాను. సంతకం పెట్టాను. ప్రిన్సిపాలు గారు గోడ గడియారం చూసి, "అయ్యయ్యో, నాలుగింటికే మూసేశారు మేడం. పైవాళ్ళ రూలు. మన చేతిలో ఏముంది?" అన్నారు. తర్వాత మా ఇద్దరికీ టీ చెప్పారు.

భవాని అర్జీ మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఏడవలేదు. "వస్తానండి" అని వెళ్ళిపోయింది.

తనిఖీ బృందం

ఆ నెలాఖరున తనిఖీ బృందం వచ్చింది. ఇది నేను కల్పిస్తున్నాననుకుంటారు, కానీ విన్న చెవులు నావే. ఫారాల కట్ట తిరగేసిన ఒక పెద్దాయన తలెత్తి, "కాలిక్యులస్‌కు కూడా ల్యాబు నడుపుతున్నారా! మంచి ప్రయత్నం" అన్నారు. ప్రిన్సిపాలు గారు రెప్ప వేయకుండా, "మేడం గారి చొరవండి" అన్నారు. నేను తల ఊపాను. నేలకేసి ఊపానో, ఆయనకేసి ఊపానో ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడే పాత బెంచీలు పడేసే గదికి "గణిత ప్రయోగశాల" అని బోర్డు రాయించారు. ఆ గది తాళంచెవి నాకిచ్చారు. అందులో కాళ్ళు విరిగిన స్టూళ్ళు, పాత ఓటింగు పెట్టెలు ఉండేవి. భవాని పరీక్ష పోయింది. నాకు ప్రయోగశాల వచ్చింది.

కనకాలపేటలో

మరుసటి ఏడు భవాని ఇంట్లో చదువుకుని పరీక్ష రాస్తోందని విన్నాను. పుస్తకాలు సర్దుకుని ఆటో ఎక్కి కనకాలపేట వెళ్ళాను. జవాబు చెప్పాలని బయలుదేరాను. అప్పటికి నాలుగు పుస్తకాలు చదివాను మరి.

సత్తెమ్మ కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆ మర్యాదే నాకు ఎక్కువైంది. భవాని గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంది.

"ఎందుకొచ్చారు మేడం?"

"నీ ప్రశ్నకి జవాబు చెబుదామని."

"చెప్పండి."

ఎప్సిలాన్‌తో మొదలుపెట్టాను. మర్యాదగా చివరిదాకా విని, "ఇదంతా పుస్తకంలో ఉందండి" అంది. నా దగ్గర ఉన్న జవాబు అయిపోయింది. పుస్తకాలు మూసి సంచిలో పెట్టుకున్నాను. తర్వాత ఆ పిల్లే జాలిపడిందో, తనకు దొరికింది ఎవరికైనా చెప్పుకోవాలనిపించిందో, మెల్లగా మొదలుపెట్టింది.

"మా వీధిలో ఒకిల్లు తాళం వేసి ఉందనుకోండి మేడం. లోపల ఎవరుంటారో మనకి తెలియాలి. తలుపు తీయడానికి లేదు. ఏం చేస్తాం? ఇరుగుపొరుగుని అడుగుతాం. దూరంగా ఉన్నోళ్ళు తలో మాటా చెబుతారు. దగ్గరికి వచ్చేకొద్దీ మాట ఒకటే అవుతుంది. ఎడమ పక్కోళ్ళూ కుడి పక్కోళ్ళూ అదే పేరు చెబితే, ఆ పేరే లిమిట్టండి. x ఎక్కడికీ నడవదు. మనమే ఇరుగుపొరుగుని అడుగుతున్నాం."

"మరి చివర్లో a ఎందుకు పెట్టేస్తాం?" అన్నాను. అడిగింది నేను. అరవై ఏళ్ళు దగ్గరపడుతుండగా మొదటిసారి బడి బెంచీ మీద కూర్చున్నట్టయింది.

"పైనా కిందా x మైనస్ a ఉంటే కొట్టేస్తాం కదండీ. అదే తాళం. అది కొట్టేశాక ఇరుగుపొరుగు ఎవరూ మారలేదు, చెప్పే మాటా మారలేదు. తలుపు మాత్రం తెరుచుకుంది. ఇప్పుడు లోపలికి తొంగి చూసినా వాళ్ళు చెప్పిన మనిషే కనిపిస్తాడని నమ్మకం ఉంది. అందుకని తొంగి చూస్తాం. ఆ నమ్మకం లేని ఇళ్ళు కూడా ఉంటాయండి. అక్కడ a పెట్టకూడదు."

నేను ముప్ఫై ఏళ్ళు చెప్పినదాంట్లో లేనిదంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది.

"క్షమించమ్మా" అన్నాను.

"నాకు లెక్కలంటే చాలా ఇష్టమండి" అంది. క్షమించాననలేదు, క్షమించననలేదు. నేను అన్న మాటకు అది జవాబు కాదని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు.

ఆ ఏడు మంచి మార్కులతో పాసైంది. సీటు అప్పటికే పోయింది. మళ్ళీ ఎంట్రన్సు రాయమని బతిమాలాను. సత్తెమ్మ మోకాళ్ళు పట్టేసి మార్కెట్టుకు వెళ్ళలేని రోజులొచ్చాయి. రాయలేదు. ఇప్పుడు యానాంలో ఒక మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తోంది.

తర్వాతి క్లాసులు

మిగిలిన నా సర్వీసులో లిమిట్లు ఆ తాళం వేసిన ఇంటితోనే చెప్పాను. మొదటిసారి చెప్పిన రోజు వెనక బెంచీలోంచి ఒకతను లేచి, "మేడం, ఎడమ పక్కోళ్ళు ఒక పేరు, కుడి పక్కోళ్ళు ఇంకో పేరు చెబితే ఏంటండి?" అన్నాడు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు బోర్డు మీద రాశాను. నా క్లాసులో అంత చక్కటి ప్రశ్న, భవానిది తప్ప, అంతకు ముందు నేను వినలేదు. ఆ రోజు చెప్పుకున్న స్తోత్రం మాత్రం సరైన చోటికే చేరి ఉంటుంది.

ఆ ఏటి ఫారాలు కాంతమ్మను అడిగి నేనే కూర్చుని చదివాను. ల్యాబు పరికరాలు చాలావరకు అలాగే ఉన్నాయి. అయిదారుగురు మాత్రం సొంతంగా రాశారు. "తాళం ఇల్లు బాగుంది, కానీ మేడం బోర్డుకి అడ్డం నిలబడతారు" అని ఒకరు. అది చదివి పక్కకు జరిగి నిలబడ్డాను. పిల్లల అభిప్రాయంతో చేయగలిగిన పని ఇంతే. సరాసరి తీసుకోకండి, చదవండి. గుచ్చుకునే నిజం వందలో ఒకరు మాత్రమే రాస్తారు. ఆ ఒక్కటీ పట్టుకుని మీ ప్రిన్సిపాలు గదికి వెళ్ళకండి. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళండి, అదే రోజు, గడియారం నాలుగు కొట్టకముందు.

వీడ్కోలు సభలో నాకు శాలువా కప్పారు. ప్రిన్సిపాలు గారు మైకు పట్టుకుని, "మేడం గారు సొంతంగా కనిపెట్టిన తాళం ఇల్లు ఉదాహరణ మన కాలేజీకే గర్వకారణం" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి, "అంతా దేవుని కృప" అన్నాను. భవాని పేరు చెప్పలేదు. ఒకసారి రెండు మాటలు అని ఆ పిల్లను ముంచాను. రెండోసారి ఒక్క మాట అనకుండా దోచుకున్నాను. రెంటికీ దేవుణ్ణి సాక్షిగా తెచ్చుకున్నాను. ఇంతకంటే నా ఉద్యోగం గురించి దాచకుండా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పోయిన నెల మందులకని వెళ్ళి, జనం తగ్గేదాకా ఆగి, ఇదంతా రాయబోతున్నానని భవానికి చెప్పాను. పేరు వాడొచ్చా అని అడిగాను. మాత్రల షీటు కత్తిరిస్తూ, "వాడండి మేడం, ఉన్నదే కదా" అంది. పక్కనున్న వాళ్ళకు బీపీ మాత్రలు ఏ పూట వేసుకోవాలో రెండు రకాలుగా చెప్పింది. మొదటిసారి చెప్పింది వాళ్ళకు తెలియలేదని మొహం చూసి పట్టుకుంది. ఆ పని క్లాసు గదిలో చేయాల్సిన మనిషి.

కాబట్టి కొత్తగా చేరిన లెక్చరర్లూ, తాళం వేసిన ఇల్లు మీకు నచ్చితే తీసుకోండి. కాకినాడలో చెప్పండి, రాజమండ్రిలో చెప్పండి, ఎంత దూరమైనా తీసుకెళ్ళండి. చెప్పినప్పుడల్లా, నేను ఏ రోజూ చేయలేని ఒక్క పని చేయండి. పిల్లలు పెన్నులు పట్టుకుని మీ వైపు చూస్తున్నప్పుడు, ఇది మాకు నేర్పింది కనకాలపేట సత్తెమ్మ కూతురు భవాని అని పైకి అనండి. నన్ను మరిచిపోయినా పరవాలేదు. ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి.